తాళపుచెవి ఏ డిస్కులో నున్నది?

ఏండ్ల తరబడి పనిచేసిన కంప్యూటరునకు క్రొత్తగా నొక ఎస్ఎస్‌డీని అమర్చుకొని, దానియందు క్రొత్త విండోస్ వేయించుకొని, పాత హార్డ్ డిస్కును ఫోటోలు, పాటలు దాచుకొనుటకై రెండవ డిస్కుగా నుంచుకొనువారు మనలో ననేకులు కలరు. అట్టి డిస్కులలో పలుమారు విండోస్ 7 అట్లే నిలిచి యుండును. 2020 జనవరి 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థ సామాన్య వినియోగదారులకు దాని భద్రతా సవరణల నిచ్చుట మానివేసినది. ఇక నెన్నడును వాడబోని ఆ వ్యవస్థ అనేక గిగాబైట్ల స్థలము నాక్రమించుటయే గాక, కొన్ని కంప్యూటర్లలో తెఱచినప్పుడెల్ల రెంటిలో నేది కావలెనని ప్రశ్నించుచుండును. దానిని తొలగింపగోరుట సముచితమే. కాని అంతకుముందు తెలిసికొనవలసిన దొకటి కలదు.

పాత డిస్కులోని విండోస్ ఫోల్డరును సాధారణమైన ఫోల్డరువలె డిలీట్ చేయబోయినచో అనుమతి లేదను సందేశము వచ్చును. అందలి ముఖ్యమైన ఫైళ్లకు యజమాని మనము కాము. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అను అంతర్గత సేవ. విసిగినవారు డిస్కు నంతటిని తుడిచివేయ నుద్యుక్తులగుదురు. ప్రమాద మిచ్చటనే పొంచి యుండును.

స్విచ్ నొక్కగానే కంప్యూటరు నేరుగా విండోస్‌ను చేరుకొనజాలదు. మదర్‌బోర్డులోని ప్రోగ్రాము ముందుగా బూట్ ఫైళ్లను వెదకును. విండోస్ ఎచ్చట నున్నదో ఆ ఫైళ్లు చెప్పిన పిమ్మటనే అది మేల్కొనును. ఇవి సాధారణముగా సుమారు 100 మెగాబైట్ల చిన్న పార్టిషన్‌లో, డ్రైవు అక్షరమైనను లేక, మరుగున నుండును. పాత డిస్కు తగిలించి యుండగానే క్రొత్త డిస్కున విండోస్ వేసినచో, ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాము అదివఱకున్న పార్టిషన్‌నే వాడుకొని, క్రొత్త బూట్ ఫైళ్లను సైతము పాత డిస్కునందే ఉంచుట కలదు. ఇల్లు క్రొత్తదైనను తాళపుచెవి పాతయింటి చూరులోనే యున్న దన్నమాట!

స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెఱచినచో డిస్క్ 0, డిస్క్ 1 అని వరుసలు గనబడును. సిస్టమ్ అను మాట ఏ వరుసలోని గడిలో నున్నదో చూడవలెను. బూట్ అను మాటను చూచి తృప్తిపడరాదు. అది నడుచుచున్న విండోస్‌ను మాత్రమే సూచించును. సిస్టమ్ గడి పాత డిస్కున నున్నచో విండోస్ దానిని తుడువనీయక అడ్డుపడును. ఆ నిరాకరణ మొండితనము కాదు, హెచ్చరిక. దానిని లెక్కచేయక డిస్కును వేఱొక యంత్రమునకు తగిలించి తుడిచినవారి కంప్యూటరు మఱునాడు తెఱచుకొనదు. అట్టిచో క్రొత్త డిస్కున చిన్న సిస్టమ్ పార్టిషన్ నొకదానిని ఏర్పఱచి, బీసీడీబూట్ అను ఆజ్ఞతో బూట్ ఫైళ్లను అందు నెలకొల్పవలెను. ఇది తెలిసినవారిచే చేయించుకొనుట మేలు.

తుడుచుటకు ముందు యూజర్స్ ఫోల్డరులోని ఫోటోలు, పత్రములు వేఱొకచోట భద్రపఱచుకొనవలెను. తెలుగువారు మఱవరాని దింకొకటి కలదు. పూర్వము డీటీపీ కేంద్రములలో ‘అను’ పేరుగల ఫాంట్లతో కూర్చిన శుభలేఖలు, కవితలు, సంస్మరణ సంచికలు ఆ ఫాంట్లు లేనిదే తెలుగుగా కనబడవు. అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా మాఱును. ఆ ఫాంట్లుండునది పాత విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరునందే. దానిని కాపీ చేసికొనక తుడిచినచో, ఫైలు మిగిలినను తెలుగు మిగులదు.

అన్నియు ముగిసిన పిమ్మట కంప్యూటరును ఆపి, కరెంటు ప్లగ్ తీసి, పాత డిస్కునకు తగిలించిన సన్నని సాటా కేబుల్‌ను విప్పి, మరల స్విచ్ వేయవలెను. క్రొత్త విండోస్ ఒంటరిగా మేల్కొన్నచో తాళపుచెవి చేతికి వచ్చినట్లే. అప్పుడు ఆపి, కేబుల్ తగిలించి, పాత పార్టిషన్లను నిశ్చింతగా తొలగింపవచ్చును. ఎమ్మెస్‌కాన్ఫిగ్ అను విండోస్ సాధనములోని బూట్ పట్టికనుండి పాత పేరును తీసివేయవచ్చును. డిస్కును పరులకీయదలచినచో మాత్రము క్విక్ ఫార్మాట్ చాలదు. అది పట్టికను చెఱపునే గాని సమాచారమును చెఱపదు.

కేబుల్ విప్పి చూచుటకు పట్టునది కొద్ది నిమిషములే. ఆ కొద్దిసేపును వెచ్చింపక డిస్కును తుడువకుడు.