గాజు తొట్టిలో నీటి మొక్కలు, చేపలు: వచ్చు చిక్కులు, చేయవలసిన పనులు

చేపల గాజు తొట్టి ఒకప్పుడు పట్టణములలోని పెద్ద ఇండ్లలోనే కనబడెడిది. నేడు పల్లెలలోని పాఠశాలలలోను, రైతుల ఇండ్ల వసారాలలోను కూడ కనబడుచున్నది. తెచ్చిన నెల దినములు చూడముచ్చటగా నుండును. పిమ్మట నీరు పచ్చబడును, ఆకులు పసుపెక్కును, చేపలు ఒకటొకటే వెల్లకిల పడును. అప్పుడు చాలమంది తొట్టిని ఖాళీ చేసి గొడ్ల సావిడిలో పడవేయుదురు. కాని తొట్టికి వచ్చు జబ్బులు పైరు పండించువారికి తెలియనివి కావు. అదియు ఒక మడియే. అడుగున ఇసుక, పైన నీరు, వెలుతురు, ఎరువు, కలుపు, అన్నియు అందులో నున్నవి. ఎరువు మాత్రము చేపలే వేయుచుండును.

ఈ సంగతి తెలిసియుండియు నేనే పొరపాటు పడితిని. మా ఇంటి తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున 56 లీటర్ల నీరు పట్టును. అందులో రిబ్బను వంటి ఆకులు గల వాలిస్నేరియాను, బడిలో పిల్లలు ప్రాణవాయువు ప్రయోగమునకు వాడు హైడ్రిల్లాను నాటి, డజను గప్పీ చేపలను విడిచితిమి. కొన్ని నెలలకు వాలిస్నేరియా ముదురాకులు పసుపెక్కసాగినవి. ముదురాకు పసుపెక్కినచో నత్రజని లోపమని కళాశాలలో చదివితిని; పొలములలో ఎన్నోసార్లు చెప్పితిని. చెంచాడు యూరియా కరిగించి పోసితిని. మరునాడు ఏమియు కాలేదు. మూడవనాడు తెల్లవారుసరికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరచి ఎగరొప్పుచున్నవి. సాయంత్రమునకు మూడు మిగిలినవి. వాటన్నిటికి పేర్లు పెట్టుకొన్న మా అమ్మాయి ఆ రాత్రి అన్నము తినలేదు.

మరునాడు పనిమీద వచ్చిన పెద్దరైతు ఒకరు ఈ సంగతి విని నవ్వలేదు. "నిలవ నీళ్ళలో యూరియా చల్లొద్దు, నీరు తీసి పదునులో వేయమని మాకు చెప్పేది మీరే గదా సారూ?" అని మాత్రము అడిగినారు.

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. చెంచాడు యూరియా, అనగా 5 గ్రాములలో, సుమారు 2.3 గ్రాముల నత్రజని యుండును. సూక్ష్మజీవులు యూరియాను విడగొట్టినప్పుడు అది అమ్మోనియాగా మారును. 56 లీటర్లకు పంచి చూడుడు: లీటరుకు 40 మిల్లీగ్రాములు! అందులో అంతయు విషరూపమున ఉండదు. కాని నీటికి క్షారగుణము హెచ్చిన కొలది విషరూపము పెరుగును. మన బోరు నీరు చాలచోట్ల క్షారమే. ఆ విషరూపము లీటరుకు మిల్లీగ్రాములో పదవ వంతు ఉన్నను చేపల మొప్పలు చెడును.

యూరియా వేయకున్నను అమ్మోనియా పుట్టుచునే యుండును. చేపల విసర్జనము, తినక మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు దీనికి మూలము. దీనిని మొదట నైట్రైటుగాను, తరువాత నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు ఇసుకను, వడపోత స్పాంజిని అంటిపెట్టుకొని పెరుగును. నైట్రైటు కూడ చేపకు విషమే. నైట్రేటు కొద్దిపాటి అయినచో హాని చేయదు, మొక్కలకు ఆహారమగును. పొలములో జరుగునదియు ఇదియే.

1850 లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, 12 గాలన్ల నీటిలో రెండు గోల్డ్‌ఫిష్‌లను వాలిస్నేరియాతో కలిపి పెంచిన సంగతిని అక్కడి రసాయన సంఘమునకు తెలిపెను. ఆయనకును చిక్కు వచ్చినది. ముదురాకులు కుళ్ళి నీరు మురికిబడి, పాచి పట్టినది. చెరువు నత్తలను తెచ్చి వేసెను. అవి కుళ్ళిన ఆకులను తినివేయగా నీరు తేటపడినది. ఆయన కుమారుడు, అదే పేరు గలవాడు, రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రములో పనిచేసి, నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారుట రెండు అంచెలలో, వేరువేరు సూక్ష్మజీవుల వలన జరుగునని చూపెను. తండ్రి తొట్టిలోను కొడుకు పొలములోను జరిగిన పని ఒక్కటే యగుట నాకు ఎప్పుడును వింతగానే తోచును.

ఈ సూక్ష్మజీవులు చాలినంత పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. కనుక కొత్త తొట్టిలో మొదట మొక్కలు నాటి, పిమ్మట రెండు మూడు చేపలను మాత్రమే విడువవలెను. డజను చేపలను ఒక్కనాడే కొని తెచ్చుటయే చాలమంది చేయు తప్పు. రెండవ తప్పు అతిశుభ్రత. పండుగకు ఇల్లు కడిగినట్లు ఇసుకను, స్పాంజిని కుళాయి క్రింద కడిగినచో ఆ సూక్ష్మజీవులు పోవును. తొట్టి మరల కొత్తదగును. స్పాంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. సబ్బు అసలు తగలరాదు. పంచాయతీ కుళాయి నీటిలో బ్లీచింగు పౌడరు కలియును గనుక, వెడల్పు గంగాళములో ఒక దినము తెరచి ఉంచి వాడవలెను.

చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచినప్పుడు వేళను చూడవలెను. తెల్లవారుజామున మాత్రమే అట్లుండి, వెలుతురు వచ్చిన రెండు మూడు గంటలలో సర్దుకొనినచో అది ప్రాణవాయువు కొరత. మొక్కలు పగలు ప్రాణవాయువును ఇచ్చును గాని, రాత్రి అవియు చేపలతో పాటు దానినే పీల్చుకొనును. మొక్కలు క్రిక్కిరిసిన తొట్టికి, వేసవిలో మరియు ఎక్కువగా, రాత్రివేళ గాలి పంపు నడుపవలెను. 30 డిగ్రీల వేడిలో నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును పట్టి ఉంచజాలదు. పగలంతయు ఎగరొప్పుచు, మొప్పలు ఎర్రబడినచో అమ్మోనియాను అనుమానింపవలెను. వెంటనే మూడవవంతు మొదలు సగము వరకు నీరు మార్చి, రెండు దినములు మేత ఆపి, గాలి పంపు విడువక నడుపవలెను. మందులు పోయకుడు. నీరు మార్చినప్పటినుండియే చేపలు చావసాగినచో తప్పు ఆ కొత్త నీటిలోనిదే.

ఇక ఆకుల సంగతి. కొత్తగా నాటిన మొక్క పాత ఆకులను రాల్చుట జబ్బు కాదు. వరినారు మూన తిరుగుటకు దినములు పట్టినట్లే దీనికిని పట్టును. లేతాకు తెల్లబారి ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో ఇనుము లోపము. మెట్ట నారుమడిలో దీనిని చూచియే యుందురు. అయితే అక్కడ వలె అన్నభేదిని ఇక్కడ వాడిన ప్రయోజనము తక్కువ, అది నీటిలో త్వరలో తుప్పుగా మారి అడుగున పడును. చీలేటు రూపములోని ఇనుమును కొద్దిగా వాడవలెను. ముదురాకులకు సూదితో గుచ్చినట్లు రంధ్రములు పడి, అంచులు పసుపెక్కినచో పొటాషు లోపము కావచ్చును.

మా తొట్టిలో ఆకు పసుపెక్కుటకు కారణము ఇవేవియు కావు. హైడ్రిల్లా ఏపుగా పెరిగి నీటి పైభాగమంతయు కప్పివేయగా, క్రింది వాలిస్నేరియాకు వెలుతురు అందలేదు. హైడ్రిల్లాను సగము కత్తిరించిన తరువాత మూడు వారములలో కొత్త ఆకులు పచ్చగా వచ్చినవి. పొలములో గట్టుమీది చెట్టు నీడ పడుచోట పైరు పసుపెక్కినచో నేనైనను యూరియా వేయుమని చెప్పి యుండను!

పాచి విషయము తొందరగా చెప్పవచ్చును. ఎండ నేరుగా పడు కిటికీ దరి తొట్టి నుంచరాదు. దీపము దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు చాలును. చేపలు రెండు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయవలెను. పాచి పట్టినచోట మొక్కల బలము తక్కువ యని అర్థము. త్వరగా పెరుగు మొక్కలను మరికొన్ని నాటుడు. పాచికి మైలుతుత్తము వాడవచ్చునా యని కొందరు రైతులు అడుగుచున్నారు. వాడరాదు. రాగి నత్తలను, రొయ్యలను చంపును. మెత్తని నీటిలో చేపలను కూడ చంపును.

గాజు అంచున తెల్లని పొర పట్టినచో నీరు చౌడు దేరుచున్నదని గ్రహింపవలెను. ఆవిరియైన నీటికి బదులు బోరు నీరు పోయుచు పోయినచో లవణములు పేరుకొనును. ఊరక నింపుట చాలదు, వారమునకు నాలుగవ వంతు నీరు తీసివేసి కొత్త నీరు పోయవలెను.

కత్తిరించిన మొక్కలను, అక్కరలేని చేపలను కాలువలలోను చెరువులలోను వేయకుడు. గుర్రపుడెక్క పూల అందమునకే మన దేశమునకు తేబడినది. పాచి తినునని తొట్టెలకు అమ్ము సక్కరు చేప నేడు మన రాష్ట్రపు నీళ్ళలో చేరి జాలరుల వలలు చింపుచున్నది. మొక్కలను ఎండబెట్టి పెంటదిబ్బలో వేయుడు. తీసివేసిన నీటిలో నైట్రేటు ఉండును గనుక మా ఇంట దానిని మల్లెపాదుకు పోయుచున్నాము.