కోరని పాట

శ్రోతలు కోరిన పాటల కార్యక్రమాలకు రేడియోలో ఎంతటి ఆదరణ ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. శ్రోత ఉత్తరం వ్రాస్తాడు. తన పేరూ, తనవారి పేర్లూ వినబడుతవి. తరువాత పాట వస్తుంది. అందులోని ఆనందాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే ఆ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. ఎన్నడూ వినని పాటను ఎవరూ కోరలేరు. మరి ఊరూ పేరూ తెలియని నలుగురు యువకులు కట్టిన కొత్త పాట మొదట ఎవరి చెవిని పడాలి? పడిన తరువాత పదిమందికి ఎట్లా చేరాలి? బ్రిటన్‌లో ఇండీ రాక్ అనే సంగీతం నడచిన దారిని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

ఇండీ అనేది ఇండిపెండెంట్ అన్న మాటకు కుదించిన రూపం. స్వతంత్రమైనది అని అర్థం. ఈ స్వాతంత్ర్యం మొదట బాణీకి సంబంధించినది కాదు, పెట్టుబడికి సంబంధించినది. గిటారులు, డ్రమ్ములు ప్రధానంగా సాగే రాక్ సంగీతం 1970 ప్రాంతంలో చాలవరకు పెద్ద రికార్డు కంపెనీల చేతిలో ఉండేది. 1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ అనే బృందం ఆ కంపెనీల గడప తొక్కకుండానే పని సాగించినది. అయినవారి వద్ద సుమారు 500 పౌనులు అప్పు తెచ్చి, నాలుగు పాటలతో 'స్పైరల్ స్క్రాచ్' అనే రికార్డును తామే వేయించుకొన్నారు. మొదట వేసినవి 1,000 ప్రతులు. అవి చెల్లిపోగా మళ్లీ వేయవలసి వచ్చినది. మరుసటి సంవత్సరం స్క్రిట్టి పొలిటి అనే బృందం తమ మొదటి రికార్డు అట్టమీద దానికైన ఖర్చుల లెక్కను కూడా అచ్చు వేసినది. వంట వడ్డించడమే కాక, వండే విధానం కూడా చెప్పినట్లయినది. లండన్‌లో 1976లో వెలసిన రఫ్ ట్రేడ్ అనే దుకాణం ఇటువంటి రికార్డులను అమ్మి, ఇతర దుకాణాలకు పంపి, 1978 నుండి తానే రికార్డులు వెలువరించసాగినది.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని రికార్డు వేయడం వేరు, అది శ్రోతను చేరడం వేరు. ఆ రెండింటి నడుమ వారధిగా నిలిచినవారు బి.బి.సి. రేడియో 1లో పనిచేసిన జాన్ పీల్. 1967లో ఆ కేంద్రం ఆరంభమైననాటి నుండి 2004లో మరణించేవరకు ఆయన అందులో ప్రసారం చేసినారు. పేరులేని బృందాలు టపాలో పంపిన రికార్డులనూ టేపులనూ వినడం ఆయన నిత్యకృత్యం. నచ్చినదానిని రాత్రివేళ ప్రసారం చేసేవారు. 1978లో ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ పట్టణపు కుర్రవాళ్లు, అండర్‌టోన్స్ అనే బృందం, 'టీనేజ్ కిక్స్' అనే పాట పాడగా బెల్‌ఫాస్ట్‌లోని ఒక చిన్న సంస్థ దానిని వెలువరించినది. అవి ఆ ప్రాంతంలో బాంబులు ప్రేలుతున్న రోజులు. పీల్ ఆ పాటను ఒకే కార్యక్రమంలో వెంటవెంటనే రెండుసార్లు వినిపించినారు. ప్రసారంలో ప్రతి నిమిషానికీ ఉండే విలువ ఎరిగినవారికి ఆ రెండవసారి అర్థం తెలుస్తుంది. ఎవరూ కోరని పాటకు ఒక మనిషి తన పూచీమీద ఇచ్చిన చోటు అది. కొద్దికాలానికే ఒక అమెరికన్ కంపెనీ ఆ బృందంతో ఒప్పందం చేసుకొన్నది.

దీనికి తోడు ఒక నిబంధన కూడా విచిత్రంగా సహాయపడినది. రేడియోలో రికార్డులు ఎక్కువగా వేస్తే వాద్యకారులకు పని పోతుందన్న భయంతో, రోజుకు ఇన్ని గంటలకు మించి రికార్డులు వేయరాదని బ్రిటన్‌లో ఒడంబడిక ఉండేది. మిగిలిన సమయాన్ని నింపడానికి బృందాలను స్టూడియోకు పిలిపించి పాడించవలసి వచ్చేది. సాధారణంగా ఒక రోజులో నాలుగు పాటలు. రికార్డే వేయని బృందాలకు కూడా ఈ విధంగా మంచి స్టూడియో, మంచి సాంకేతికులు, వేలమంది శ్రోతలు లభించినారు. ఆ నిబంధన 1988లో తొలగిపోయినది, కాని అలవాటు నిలిచినది. పీల్ కార్యక్రమం కోసం అట్లా ధ్వనిముద్రణ జరిగిన సందర్భాలు నాలుగు వేలకు పైమాటే.

ఇక శ్రోతల పాత్ర చూడండి. వారు రాత్రి విన్నదానిని కాసెట్టుకు ఎక్కించి మిత్రులకు ఇచ్చేవారు. 1976 నుండి దాదాపు ఏటేటా సంవత్సరాంతంలో తమకు నచ్చిన పాటలకు ఓట్లు పంపేవారు. 1997లో ఆ ఓట్లలో మొదటి స్థానం పొందినది కార్నర్‌షాప్ బృందం పాట 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా'. ఇందులోని ఆశా మన ఆశా భోంస్లేయే. బృంద నాయకుడు తజిందర్ సింగ్ కట్టిన ఈ పాటలో హిందీ సినిమా పాటలపై మమకారమూ, ఆలిండియా రేడియో పేరూ వినబడుతవి. ఆ సంవత్సరం విడుదలైనప్పుడు అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో 60వ స్థానం దాటలేదు. నార్మన్ కుక్ దానిని వేగం పెంచి మలచిన తరువాత, 1998 ఫిబ్రవరిలో మొదటి స్థానానికి ఎక్కినది. పట్టికలో అట్టడుగున ఉన్ననాడే దాని విలువ గుర్తించినవారు ఆ రాత్రి శ్రోతలు.

నేడు పరిస్థితి మారినది. పాటను లోకానికి అందించడానికి అప్పు చేసి రికార్డు వేయించనక్కరలేదు. ఇంట్లో కూర్చుండి ఇంటర్నెట్‌లో ఉంచవచ్చును. వినేవారికి కొదువ లేదు, పాటలకు అసలే లేదు. కాని శ్రోత ముందు ఏ పాట ఉంచాలో చాలచోట్ల యంత్రం నిర్ణయిస్తున్నది. నిన్న విన్నదానికీ, తనవంటివారు విన్నదానికీ దగ్గరగా ఉన్నదానిని ఏరి ఇస్తున్నది. అది చెడ్డపని కాదు. అయితే నిదానించి చూస్తే, శ్రోతలు కోరిన పాటల పద్ధతికే అది మరింత సూక్ష్మమైన రూపం. నోరు తెరచి కోరకముందే మన కోరికను ఊహించి తీర్చడం అది. మనకు అలవాటు లేనిదానిని ముందు పెట్టి, దీనిని వినండి, దీనికి నేను పూచీ, అనగలవాడు మనిషి ఒక్కడే.

అటువంటి మనుషులకు చోటు దానంతట అది నిలవదు. కొత్త సంగీతానికి ప్రాధాన్యమిచ్చే 6 మ్యూజిక్ అనే కేంద్రాన్ని మూసివేయాలని 2010 మార్చిలో బి.బి.సి. యాజమాన్యం ప్రతిపాదించినది. శ్రోతలు వేల సంఖ్యలో నిరసన తెలిపినారు. ఆ జూలైలో బి.బి.సి. ట్రస్టు ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చినది, కేంద్రం నిలిచినది. వినేవారు నోరు విప్పకపోతే నిలిచి ఉండేదా అన్నది సందేహమే.

కొత్త పాట పాడేవారితో సమానమైన బాధ్యత వినేవారికీ ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. తెలియని బృందం పాటను సగంలో ఆపక చివరకంటా వినండి. తొలిసారి నచ్చకపోతే మరొకసారి వినండి. నచ్చితే ఒక ప్రతి వెల పెట్టి కొనండి; చిన్న బృందానికి అది మరుసటి పాట ఖర్చు. మిత్రునికి పంపేటప్పుడు ఊరక పంపక, ఎందుకు నచ్చినదో రెండు మాటలు చేర్చండి. ఆ రెండు మాటలతో మీరూ ఆ పాటకు పూచీ పడినవారవుతారు.