ప్లాను గీతల్లో కులం

ఇంటి ప్లాను గీయడం ఒట్టి ఇంజనీరింగు పని, దానికి కులంతో ఏం సంబంధం అంటారు ఆర్కిటెక్టులు. ఊరికి దూరంగా వాడను పెట్టిందే ఒక ప్లాను గదా! నగరంలో ఆ గీత చెరిగిపోలేదు, రూపం మార్చుకుంది. ఈశాన్యం మూల పూజగది, పనిమనుషులకు వేరే లిఫ్టు, ఇవన్నీ ఆ గీతలే. కాబట్టి నగరం నడిమధ్య బస్తీలో అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు ఎవరి పక్కన ఎవరు, కింద ఎవరు, ఖర్చు ఎవరిది అని ముందే అడగాలి. ముంబైలోని బి.డి.డి. చాల్స్ చరిత్ర చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కార్మికుల కోసం కట్టించిన కాంక్రీటు బిల్డింగులివి. నాలుగు చోట్ల కలిపి 207, ఒక్క వర్లీలోనే 121. ఒక్కో బిల్డింగులో నాలుగు వరసలు, 80 గదులు. గది 160 చదరపు అడుగులు. మధ్యలో నడవా, అటూ ఇటూ గదులు, వరసకంతా ఉమ్మడి మరుగుదొడ్లు. మిల్లు కార్మికులు, 1956 తర్వాత బౌద్ధం తీసుకున్న మహర్లు, తెలుగు పద్మశాలీలు కూడా వీటిలో బతికారు.

ఆ నడవాలో ఆప్యాయత ఉండేదని పొగిడేవాళ్లున్నారు. రాత్రిపూట మరుగుదొడ్డికి ఆ నడవా దాటిపోయిన ఆడవాళ్లు వేరే మాట చెప్తారు. పైగా ఒకే నమూనా బిల్డింగుల్లోనూ బౌద్ధులు ఎక్కువున్నవి వేరు, సవర్ణ హిందువులవి వేరు. 1974 జనవరి 5న వర్లీలో దళిత పాంథర్ సభ దగ్గర మొదలైన గొడవలు ఈ బిల్డింగుల మధ్యే చెలరేగాయి. అయితే ఆ సభకు మైదానం, జనం కూడడానికి నడవా ఉన్నాయన్నదీ నిజమే. రెండూ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు చాల్స్ తీసేసి టవర్లు కడుతున్నారు. 2025 ఆగస్టు 14న వర్లీలో మొదటి 556 ఇళ్లు అప్పగించారు. 40 అంతస్తుల టవర్లు, ఇల్లు 500 చదరపు అడుగులు, మరుగుదొడ్డి ఇంట్లోనే. ఉన్నచోటే, సొంత హక్కుతో. ఇది చిన్న గెలుపేం కాదు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టు, పంపు, మరమ్మతుల ఖర్చు పెరుగుతుంది. నెలనెలా అది కట్టలేనివాళ్లు ఇల్లు అమ్ముకుని పోతారు. ఎవరూ తరమకుండానే వెలి జరిగిపోతుంది.

అందుకే కొన్ని సంగతులు ప్లాను దశలోనే తేల్చుకోవాలి. కింది అంతస్తంతా కార్లకు ఇవ్వకూడదు. అక్కడ తోపుడుబండ్లకు, కుట్టుమిషన్లకు, చిన్న దుకాణాలకు జాగా ఉండాలి. దుకాణాల అద్దెతో లిఫ్టు ఖర్చు కొంతైనా వెళ్తుంది. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర గాలీ వెలుతురూ వచ్చే వెడల్పాటి చోటు ఉంటే ముసలివాళ్లు కూర్చుంటారు, పిల్లలు చదువుకుంటారు. ఇళ్లు లాటరీ తీసి ఇవ్వాలి, కులానికో బ్లాకు కుదరదు. చెల్లాచెదురైతే మన బలం పోతుందని కొందరి భయం. ఆ భయం న్యాయమైనదే. దానికి జవాబు అందరికీ తాళంచెవి అందే సభాహాలు, లైబ్రరీ. వాటిని తర్వాత చూద్దాంలే అంటే ఎప్పటికీ రావు.

మన దగ్గర కూడా రెండు దారులూ చూశాం. సికింద్రాబాద్ బోయిగూడ ఐ.డి.హెచ్. కాలనీలో 2015లో పాత జాగాలోనే జి ప్లస్ టూ పద్ధతిలో 396 ఇళ్లు కట్టారు. 2023లో నగరం అంచున కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. రెండుచోట్లా రెండు పడకగదులే. కానీ తెల్లారేసరికి ఊడ్చే పనికి, ఇళ్లల్లో పనికి పోవాల్సిన మనిషికి ఆ దూరం కూలిలో కోత. ఇల్లు ఎంత పెద్దదని అడగడం మనం నేర్చుకున్నాం. ఇల్లు ఎక్కడ, ప్లాను ముందు ఎవరు కూర్చున్నారు అని కూడా అడగాలి. బస్తీ సంఘం ఆ కాగితం చూడకముందే పునాది తవ్వితే, పాత గీతే కొత్త సిమెంటులో లేస్తుంది.