చత్వారం వచ్చాక గురి కుదిరేదెట్లా?

నలభై ఏళ్ళు దాటిన తరువాత దగ్గరి వస్తువులు మసకబారడాన్ని మనవారు చత్వారం అంటారు. వార్తాపత్రికనైతే చేయి చాచి దూరంగా పట్టుకుని చదువుకోవచ్చు. రైఫిల్ కొననున్న ఫోర్‌సైట్‌ను అలా జరుపుకొనే వీలులేదు. అందుచేత రైఫిల్ క్లబ్బులో నాతోపాటు సాధన చేసే పెద్దలు కొందరు, చేతిలో పట్టు తగ్గిందని భావించి నన్ను బలానికి లేహ్యం అడుగుతుంటారు. ముందు కళ్ళు చూపించుకోమని వారికి చెబుతాను.

కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కి, దూరాన్నిబట్టి ఆకారం మార్చుకొనే శక్తిని కోల్పోతుంది. గురిపెట్టేటప్పుడు బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్, లక్ష్యం మూడు వేర్వేరు దూరాలలో ఉంటాయి. మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడగల కన్ను ఏ వయసులోనూ లేదు. ఫోర్‌సైట్ స్పష్టంగా, లక్ష్యం కొంచెం మసకగా కనిపిస్తే చాలు.

చదువుకొనే అద్దాలతో లక్ష్యం మరీ మసకవుతుంది. దూరపు అద్దాలతో ఫోర్‌సైట్ చెదురుతుంది. దూరపు పవరుకు రైఫిల్‌కైతే సాధారణంగా +0.50, పిస్తోలుకైతే +0.75 కలిపిన ప్రత్యేకమైన అద్దాలు అనుకూలిస్తాయి. తుపాకి ఖాళీగా ఉన్నదని రూఢి చేసుకొని, గురిపెట్టే భంగిమలో కంటి నుండి ఫోర్‌సైట్ వరకు గల దూరాన్ని మరొకరిచేత టేపుతో కొలిపించి, ఆ కొలతను నేత్రవైద్యునికి చెప్పండి.

సన్నని రంధ్రం గుండా చూస్తే మసక తగ్గుతుంది. ఎయిర్‌రైఫిల్ బ్యాక్‌సైట్‌లోని రంధ్రం చేసే మేలు ఇదే. వెలుతురు మాత్రం సమృద్ధిగా ఉండాలి. రెండవ కన్ను గట్టిగా మూయక, దాని ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్క అమర్చుకోండి. ఎనిమిది, పది సెకన్లలో గురి కుదరకుంటే రైఫిల్ దించి కన్నులకు విశ్రాంతినివ్వండి.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలు వర్ణింపబడినవి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల త్రిఫలను ఆయుర్వేదం కంటికి హితమని చెప్పింది. అయినప్పటికీ బిరుసెక్కిన కటకాన్ని అది మెత్తబరచదు. తేనె, ఉల్లిరసం వంటివి కంటిలో వేయనే వేయరాదు.

దీపం చుట్టూ రంగుల వలయాలు, పొగమంచు కమ్మినట్లుండటం, తిన్నని గీతలు వంకరగా కనిపించడం చత్వారపు లక్షణాలు కావు. జాగు చేయక నేత్రవైద్యుని కలవాలి. మధుమేహం ఉన్నవారు రక్తంలో చక్కెర అదుపులో ఉన్నప్పుడే అద్దాలు వ్రాయించుకోవాలి.

1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్వాన్ 72వ ఏట, తుపాకి గురి జట్టు పోటీలో రజత పతకం అందుకొన్నాడు. కనుక వయసు వచ్చిందని ఆట మానవలసిన పనిలేదు. కాని ఎదుటనున్నదేమిటో, దాని వెనుక ఏమున్నదో నిశ్చయంగా తెలియనప్పుడు ట్రిగ్గర్‌పై వేలు పెట్టరాదు.