మూడు చక్రముల క్రీడా శకటము: చట్రమును బాగుచేయు విధము, బలపఱచు విధము

బండికి అందము పైరేకులో నుండును. ఆయుర్దాయము చట్రములో నుండును. పైరేకు సొట్టవడినచో చూచినవారికెల్ల తెలియును. చట్రము బీటవాఱినచో బండి నెక్కినవానికిని తెలియదు. తెలియునాటికి చక్రమొక దారి, బండి యొక దారి యగును. కావున చట్రమును గుఱించిన జ్ఞానము యంత్రనిపుణులకే గాక, బండిని నమ్మి కూర్చుండు ప్రతివానికిని కొంత యవసరము. బళ్ళారి వంటి సరిహద్దు మండలమున, మూడు చక్రముల బండ్లపై నిత్యము జనులు తిరుగుచోట, ఈ విషయము మఱింత విచారింపదగినది.

మోటారు శకటముల చరిత్ర మూడు చక్రములతోనే మొదలైనదని చెప్పవచ్చును. 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన శకటము ఉక్కుగొట్టముల చట్రముపై మూడు చక్రములతో నడచినదే. 1909లో ఇంగ్లండులోని మాల్వర్న్ ప్రాంతమున హెచ్. ఎఫ్. ఎస్. మోర్గన్ అను యువకుడు ముందు రెండు చక్రములు, వెనుక ఒక చక్రము గల తేలిక శకటమును నిర్మించెను. ఆ దేశపు పన్నుల పద్ధతిలో ఇట్టి బండి మోటారు సైకిలుతో సమానముగా నెంచబడుటచే ఖర్చు తగ్గినది. బరువు తక్కువగుటచే వేగము హెచ్చినది. అందుచే అది పందెములకును, వినోదయాత్రలకును పేరొందినది. మూడు చక్రముల క్రీడా శకటమనగా నేటికిని జనులు మొదట తలంచునది ఆ మోర్గన్ బండినే.

దాని తొలి చట్రమున ఇంజనుకును వెనుక చక్రమునకును నడుమ ఒక పెద్ద గొట్టము వెన్నెముకవలె సాగియుండెను. శక్తిని వెనుకకు చేర్చు కడ్డీ ఆ గొట్టము లోపలనే తిరుగుచుండెను. 1930 తరువాత ఫోర్డు ఇంజనుతో వచ్చిన రకములలో అచ్చుపోసిన ఉక్కురేకు దూలములు వాడబడినవి. చాలకాలము విరామము తరువాత 2011లో పునర్జన్మ మెత్తిన బండికి మరల ఉక్కుగొట్టముల చట్రమే యమరినది. 2022లో వెలువడిన ‘సూపర్ 3’ రకమున అల్యూమినియము రేకులను జిగురుతో అతికిన పెట్టె వంటి నిర్మాణము వచ్చినది. చట్రములు ఇన్ని రీతులుగా మాఱినవి గనుక మరమ్మతును ఒకే తీరున చేయరాదు.

బళ్ళారి వీధులలో క్రీడా శకటములు అరుదు. కాని వాని దాయాదియైన ఆటో రిక్షా ప్రతి వీధిలోను కలదు. 1948లో ఇటలీలో పియాజియో సంస్థ స్కూటరును ఆధారముగా గొని మూడు చక్రముల ‘ఆపె’ బండిని వెలువరించెను. మన దేశమున బజాజ్ సంస్థ 1959లో రెండు, మూడు చక్రముల బండ్లను తయారుచేయుటకు ప్రభుత్వానుమతి పొందెను. ఆటోకు ఒంటిచక్రము ముందు, జంటచక్రములు వెనుక. మోర్గన్ బండికి దీనికి విపర్యయము. కొలతలు వేఱైనను న్యాయ మొక్కటియే.

ముక్కాలిపీట న్యాయము

నేల మిట్టపల్లములుగా నున్నచోట నాలుగుకాళ్ళ మంచము వేసినచో ఒక కోడు పైకి లేచియుండును. ముక్కాలిపీట యెచ్చట వేసినను మూడు కాళ్ళును నేల నంటియే యుండును. మూడు బిందువులు ఎల్లప్పుడును ఒకే తలమున నుండుటయే ఇందులకు కారణము. కావున మూడు చక్రములలో ఒక్కొక్కదానిపై పడు బరువు గరిమనాభి యెచ్చట నున్నదను దానినిబట్టియే నిర్ణయమగును. ముందు రెండు చక్రములు గల బండిలో ఆ నాభి ముందటి ఇరుసు నుండి, ఇరుసుకును వెనుక చక్రమునకును గల దూరములో మూడవ వంతున నున్నదనుకొందము. అప్పుడు మూడు చక్రములును తలయొక మూడవ వంతు బరువును మోయును.

ఈ కుదురుకు ఒక మూల్యము కలదు. నాలుగు చక్రముల బండికి ఆధారము దీర్ఘచతురస్రము, దీనికి త్రిభుజము. ముందు చక్రముల నడుమ వెడల్పు 1200 మిల్లీమీటర్లైనచో, పైన చెప్పిన నాభిస్థానమున ఆధారపు వెడల్పు 800 మిల్లీమీటర్లే. మలుపులో బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకు వ్రాలును. ముందు జంటచక్రములున్నచో అది వెడల్పైన ప్రక్కకు పోవును. ముందు ఒంటిచక్రమున్నచో ఇఱుకైన కొనకు పోవును. ఆటో మలుపులో ఒరగుటకు కారణ మిదియే.

చట్రమునకు సంబంధించినంతవఱకు ముఖ్యాంశ మేమనగా, ఒంటిచక్రము బండి ప్రక్కకు ఒరగుటను తానై ఆపజాలదు. ఆ భారమంతయు జంటచక్రముల కడకే చేరవలెను. అట్లు చేరుటకు చట్రము తప్ప వేఱు త్రోవ లేదు. అదియు గాక, మలుపులో నేల ఒంటిచక్రమును ప్రక్కకు నెట్టు బలము నేలమట్టమున నుండును. చట్రము దానికి పైన నుండును. అందుచే ఆ బలము చట్రమును బట్ట పిండినట్లు మెలిపెట్టును. మోర్గన్ వంటి బండిలో వెనుక చక్రపు చేయి తగులుకొను చోటును, ఆటోలో ముందు చక్రపు మెడ చట్రమున చేరు చోటును మొదట పరీక్షింపవలసిన స్థానములు.

పగులు పుట్టు విధము

ఇనుపతీగను ఒక్కసారి వంచినచో విఱుగదు. అటునిటు పలుమాఱు వంచినచో విఱుగును. లోహమునకు వచ్చు ఈ అలసటను పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్ రైలుబండ్ల ఇరుసులపై ప్రయోగములు చేసి నిరూపించెను. విఱుగుటకు పెద్దదెబ్బ అక్కఱలేదు. చిన్నకుదుపు లక్షలసార్లు తగిలిన చాలును. పగులు రంధ్రపు అంచునగాని, పదునైన మూలయందుగాని, వెల్డింగు ముగిసిన కొసయందుగాని పుట్టును. బలప్రవాహము చట్టున దారి మళ్ళవలసిన చోట్లవియే గదా!

బళ్ళారి, సిరుగుప్ప ప్రాంతముల నల్లరేగడి భూమి ఇందులకు తోడగును. ఆ మన్ను వానకు ఉబ్బును, ఎండకు కుంచించి నెఱ్ఱెలు వాఱును. దానిపై వేసిన బాట అలలవలె ఎగుడుదిగు డగును. అట్టి బాటపై ప్రతి గతుకును చట్రమునకు ఒక వంపే. ఎక్కువమందిని ఎక్కించుకొని తిరుగు బండికి ఆ వంపు ఇంకను పెద్దదగును.

పరీక్ష

మరమ్మతునకు ముందు పరీక్ష ప్రధానము. బండిని విప్పి, మట్టి, చమురు, రంగు తీసి చూడవలెను. రంగుపై సన్నని త్రుప్పుగీత కనబడినచో దాని క్రింద పగులున్నదని అనుమానింపవలెను. కిరసనాయిలు పూసి, కొంత సేపటికి శుభ్రముగా తుడిచి, ఆపై సుద్దపొడి చల్లుట పాతదైనను మంచి ఉపాయము. పగులులో దాగిన కిరసనాయిలు సుద్దలోనికి ఊరి గీతగా కనబడును. గొట్టములను చిన్నసుత్తితో తట్టి వినవలెను. లోపల త్రుప్పు తిన్నచోట మ్రోత మందగించును. అట్టి గొట్టముపై మాటు వేయుట చివికిన గుడ్డకు అతుకు కుట్టుటయే; ఆ భాగమును కోసి క్రొత్తగొట్టము వేయవలెను.

తరువాత కొలత. సమతలమైన నేలపై బండి నిలిపి, చట్రపు ముఖ్యబిందువుల నుండి గుండుదారము వ్రేలాడదీసి, నేలపై సుద్దతో గుర్తులు పెట్టవలెను. ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు కర్ణములు సమానముగా నున్నవా, ఒంటిచక్రము నడిమిరేఖపై నున్నదా యని చూడవలెను. వంకరగా నున్న చట్రమును అతికినచో వంకరయే శాశ్వతమగును.

అతుకు

పగులు కొనయందు మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రము చేయుట మొదటిపని. పదునైన కొన గుండ్రనిదై పగులు ముందునకు సాగుట ఆగును. కొన యెచ్చట నున్నదో సరిగా కనుగొననిచో ఈ రంధ్రము వ్యర్థము. పిమ్మట పగులు వెంబడి గాడి తీసి, అడుగువఱకు లోహము నిండునట్లు వెల్డింగు చేయవలెను. పైపైన పోసిన గీత చూపునకు బాగుండును. లోపల పగులు అట్లే నిలుచును. వేడికి లోహము వ్యాకోచించి, చల్లాఱునప్పుడు కుంచించుకొని చట్రమును లాగును. కావున చట్రమును గట్టిబల్లకు బిగించి, ముందు చుక్క అతుకులు వేసి, ఒకసారి ఈ ప్రక్క, ఒకసారి ఆ ప్రక్క కొంచెము కొంచెముగా అతుకవలెను.

పెట్రోలు తొట్టిని తీసివేయుట, బ్యాటరీ తీగలను విప్పుట, మూసియున్న గొట్టమునకు లోపలి వేడిగాలి పోవుటకు చిన్నదారి కల్పించుట ప్రాణరక్షణకు సంబంధించిన నియమములు. జింకు పూత గల ఉక్కునుండి లేచు పొగ పీల్చరాదు. పాతచట్రములలో ఇత్తడి కరగించి అతికిన కీళ్ళపై వెల్డింగు చేయరాదు. ఉక్కులోనికి దిగిన ఇత్తడి క్రొత్తపగుళ్ళకు మూలమగును. జిగురుతో అతికిన అల్యూమినియమునకు మంట తగులరాదు; దానికి తగిన జిగురు, రివెట్లు, తయారుచేసిన సంస్థ చెప్పిన పద్ధతియే శరణ్యము.

బలపఱచుట

బలము వేఱు, బిగువు వేఱు. విఱుగకుండుట బలము, వంగకుండుట బిగువు. ఒకచోట దళసరి రేకు వేసినచో అచ్చట బిగువు పెరుగును. పక్కనున్న పాతరేకు మునుపటివలె వంగుచుండును. రెండింటి సరిహద్దున వంపంతయు గుమిగూడి, పగులు మాటు అంచున మరల పుట్టును. ‘నిరుడు అతికినచోట గట్టిగానే యున్నది, దాని ప్రక్క విఱిగినది’ అనుమాట యర్థ మిదియే. విఱిగినది ఇనుపలోపముచే గాదు, దారితప్పిన భారముచే. కావున అదనపు రేకు మూలరేకు కంటె దళసరిగా నుండరాదు. దాని కొనలు చతురముగా గాక ఆకుకొనవలె క్రమముగా సన్నగిల్లవలెను. దూలమునకు అడ్డముగా వెల్డింగు గీత పోరాదు.

ఆకారమే బలమను సంగతి బడిపిల్లవాని కొలబద్ద చెప్పును. పడుకోబెట్టిన వంగును, అంచుపై నిలిపిన వంగదు. దూలపు వెడల్పు రెట్టింపైనచో బిగువు రెట్టింపే. ఎత్తు రెట్టింపైనచో ఎనిమిది రెట్లు. కాగితమును గొట్టముగా చుట్టి అంచు నతికినచో మెలిపడదు. అతుకు విప్పినచో సులభముగా మెలిపడును. కావున గొట్టమును పొడవున చీల్చుట, తెఱచియున్న దూలమును మూయకుండుట మెలిపోటు తగులుచోట తగవు. నాలుగు కఱ్ఱలను మూలల మేకులతో చేర్చినచో చట్రము ప్రక్కకు వాలును; ఒక్క ఐమూల కఱ్ఱ వేసినచో నిలుచును. మూడు భుజముల కొలతలు తెలిసినచో త్రిభుజము నిర్ణయమగునని పాఠశాలలో నేర్పు సిద్ధాంతమే యిది.

ఇంకొక హెచ్చరిక కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము అనుమతి లేకుండ బండి నిర్మాణమును మార్చుటను నిషేధించుచున్నది. యథాస్థితికి తెచ్చు మరమ్మతు వేఱు, రూపము మార్చు నిర్మాణము వేఱు. చట్రముపై గుద్దిన సంఖ్యను రుద్దివేయుటగాని, దానిపై అతుకు వేయుటగాని ఎంతమాత్రము తగదు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి. బళ్ళారి మైసూరులో చేరినది. గీత మధ్యగా పోయినను చేతిపనుల మాటలు రెండు ప్రక్కలను కలసియే నిలిచినవి. ఇరుసు అను మాట స్వల్పభేదముతో ఉభయభాషలలోను కలదు. కన్నడమున ‘గాలి’ యనగా చక్రము. తెలుగున గాలి యనగా చక్రములో నింపునది! మరమ్మతు శాలలో పని నేర్చు పిల్లవాడు ఈ మాటలన్నియు వినుచుండును. కాని అలసట, బిగువు, త్రిభుజము అను మాటలు వానికి చెప్పువారు తక్కువ. సండూరు కొండల ఇనుపరాయి, తోరణగల్లు కర్మాగారపు ఉక్కు గల ఈ మండలమున ఇనుమునకు కొఱత లేదు. ఇనుము చేర్చిన చాలదు, భారము పోవు త్రోవను సరిచేయవలెనను తెలివి చేరవలెను. గణితపాఠమును ఆ పిల్లవానికి వాని భాషలో వాని పనితో ముడివేసి చెప్పగలిగినచో, వాడు వేసిన అతుకుపై కూర్చుండి ప్రయాణము చేయువారు క్షేమముగా ఇల్లు చేరుదురు.