బోర్డు పోలేదు.. డ్రైవరే లేదు!

పాత కంప్యూటర్‌లో ‘అన్‌నోన్ డివైస్’ గుర్తించడమెలా?

పండుగ సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలు మూలనపడిన పాత కంప్యూటర్‌ను బయటకు తీయడం, అది మొరాయించడం, ఎవరో తెలిసినవారు వచ్చి విండోస్ ఎక్స్‌పీ సీడీతో ఫార్మాట్ కొట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. కంప్యూటర్ ఆన్ అవుతుంది. కానీ పాట వినిపించదు. నెట్ తీగ తగిలించినా ఉలుకూ పలుకూ ఉండదు. తెరపై అక్షరాలు లావుగా, సాగదీసినట్లు కనిపిస్తాయి. దుకాణానికి తీసుకెళితే ‘బోర్డు పోయింది, మార్చాల్సిందే’ అన్న సమాధానం వస్తుంది. ఆ కాలపు బోర్డు కొత్తది దొరకదు. వేరే బోర్డు వేస్తే దానికి సరిపడే ప్రాసెసర్, ర్యామ్ కూడా కొనాలి. చివరకు కంప్యూటర్ పాత ఇనుప సామాన్లవాడి బండి ఎక్కుతుంది. అందులో ‘డి’ డ్రైవ్‌లో ఉన్న పెళ్లి ఫొటోలు, పీజీ ప్రాజెక్టు ఫైళ్లు, పాత లెక్కలు కూడా దానితోనే వెళ్లిపోతాయి.

శబ్దం, నెట్‌వర్క్, తెర స్పష్టత ఈ మూడూ ఒకేసారి, అదీ ఫార్మాట్ చేసిన రోజే పోయాయంటే బోర్డు చెడిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. అక్కడ లేనిది డ్రైవర్. ఏ భాగానికి ఏ డ్రైవర్ కావాలో తెలుసుకునే వీలు కంప్యూటర్‌లోనే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

విండోస్‌కు ఎందుకు తెలియదు?

ప్రతి భాగాన్నీ ఎలా నడపాలో విండోస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. విండోస్ సీడీలో కొన్ని వేల పరికరాల డ్రైవర్లు ముందుగానే ఉంటాయి. అయితే ఎక్స్‌పీ విడుదలైంది 2001 అక్టోబరులో. మన ఇళ్లలో విరివిగా కనిపించే ఇంటెల్ 945జీ చిప్‌సెట్ బోర్డులు 2005లో మార్కెట్‌లోకి వచ్చాయి. నాలుగేళ్ల తర్వాత పుట్టిన బిడ్డను అంతకుముందే అచ్చయిన సీడీ గుర్తించలేకపోవడంలో వింత లేదు. అందుకే అసెంబుల్ చేసిన ప్రతి కంప్యూటర్‌తోనూ దుకాణదారు బోర్డు కంపెనీ డ్రైవర్ సీడీని ఇచ్చేవారు. ఇప్పుడది ఏ అటక మీద ఉందో, చేలో పిట్టలను బెదిరించేందుకు కట్టిన సీడీల దండలో కలిసిపోయిందో చెప్పడం కష్టం.

విండోస్ తాను గుర్తించలేని భాగాలన్నింటినీ ఒకచోట చేర్చి చూపుతుంది. ‘మై కంప్యూటర్’పై మౌస్ కుడి మీట నొక్కి, ‘ప్రాపర్టీస్’లో ‘హార్డ్‌వేర్’, అందులో ‘డివైస్ మేనేజర్’ తెరవాలి. విండోస్ 7లో అయితే ‘కంప్యూటర్’పై కుడి మీట నొక్కి ‘మేనేజ్’లోకి వెళితే అదే పట్టిక కనిపిస్తుంది. ‘అదర్ డివైసెస్’ శీర్షిక కింద పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తుతో ఉన్నవే మనకు కావలసినవి. ఒక్కోదానిపై రెండుసార్లు నొక్కితే దాని స్థితి తెలుస్తుంది. ‘కోడ్ 28’ అని ఉంటే డ్రైవర్ వేయలేదని మాత్రమే అర్థం. ఈ ఒక్క అంకె చూసుకుంటే చాలామందికి దుకాణం మెట్లెక్కే అవసరం ఉండదు.

ఇంటిపేరు, పేరు, మెట్టినిల్లు

అదే కిటికీలో ‘డీటెయిల్స్’ అనే విభాగం ఉంటుంది. అందులోని జాబితా నుంచి ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకుంటే ఆంగ్ల అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరుస ఒకటి కనిపిస్తుంది. చూడగానే బెదిరిపోతాం గానీ అది ఆ పరికరం జాతకం. అందులో ‘వెన్’ అన్న మూడక్షరాల తర్వాత వచ్చే నాలుగు స్థానాలు చిప్ తయారుచేసిన కంపెనీని సూచిస్తాయి. దానిని ఇంటిపేరు అనుకోవచ్చు. ‘డెవ్’ తర్వాతి నాలుగు స్థానాలు ఆ కంపెనీ తన చిప్‌కు పెట్టుకున్న పేరు. ‘సబ్‌సిస్’ తర్వాత వచ్చే ఎనిమిది స్థానాల్లో చివరి నాలుగు, ఆ చిప్‌ను కొని తన బోర్డుపై అమర్చుకున్న కంపెనీవి. అంటే మెట్టినింటి పేరన్నమాట.

ఈ ఇంటిపేర్లను పీసీఐ-సిగ్ అనే అంతర్జాతీయ సంస్థ కేటాయిస్తుంది కనుక ఇద్దరికి ఒకటే ఉండదు. సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు, ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు ఆరు అక్షరాలు వాడతారు. నాలుగు స్థానాల్లో వీటితో 65,536 సంఖ్యలు వస్తాయి. ఇంటెల్ సంఖ్య 8086. 1978లో ఆ కంపెనీ విడుదల చేసిన ప్రాసెసర్ పేరూ అదే. రియల్‌టెక్‌ది 10ఈసీ, ఎన్‌విడియాది 10డీఈ, ఏటీఐది 1002, వయాది 1106, సిస్‌ది 1039, బ్రాడ్‌కామ్‌ది 14ఈ4. మెట్టినిళ్ల విషయానికొస్తే ఆసుస్ 1043, గిగాబైట్ 1458, ఎంఎస్‌ఐ 1462, డెల్ 1028, హెచ్‌పీ 103సీ. మన ప్రాంతంలో అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో చాలావాటికి ఈ కాస్త పట్టికే సరిపోతుంది.

945జీ బోర్డున్న ఇంటి కంప్యూటర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ‘వీడియో కంట్రోలర్’ అన్నచోట వెన్ 8086, డెవ్ 2772 కనిపిస్తే అది ఇంటెల్ 945జీ గ్రాఫిక్స్. ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అన్నచోట వెన్ 10ఈసీ, డెవ్ 8168 ఉంటే అది రియల్‌టెక్ గిగాబిట్ నెట్‌వర్క్ చిప్. ‘ఎస్ఎం బస్ కంట్రోలర్’ అన్నచోట 8086, 27డీఏ ఉంటే కావలసింది ఇంటెల్ చిప్‌సెట్ ప్యాకేజీ. మొదట ఈ చిప్‌సెట్ ప్యాకేజీని వేసి, ఒకసారి రీస్టార్ట్ చేయడం మేలు. బోర్డు లోపలి భాగాలకు పేర్లు పెట్టే పని దానిదే కనుక పసుపు గుర్తుల్లో కొన్ని అప్పుడే మాయమవుతాయి.

శబ్దం దగ్గరే చిక్కుముడి

అందరూ బోల్తాపడేది శబ్దం దగ్గర. పట్టికలో వెన్ 8086, డెవ్ 27డీ8 అని కనిపిస్తుంది. ఇంటెల్ కదా అని ఆ కంపెనీ సౌండ్ డ్రైవర్ కోసం గంటల తరబడి వెతుకుతారు. అది దొరకదు. ఎందుకంటే 2004 తర్వాత వచ్చిన హై డెఫినిషన్ ఆడియో విధానంలో శబ్దం పని ఇద్దరు పంచుకుంటారు. సమాచారాన్ని మోసే దారి ఇంటెల్‌ది. దానిని శబ్దంగా మార్చే కోడెక్ చిప్ వేరొకరిది, ఎక్కువగా రియల్‌టెక్‌ది. దారి సిద్ధమయ్యేదాకా దాని చివరన ఉన్న చిప్ విండోస్ కంటికి కనిపించదు.

ఎక్స్‌పీలో ఆ దారికి అవసరమైన సవరణను మైక్రోసాఫ్ట్ 888111 సంఖ్యతో విడుదల చేసింది. అది పడిన తర్వాతే ‘ఆడియో డివైస్ ఆన్ హై డెఫినిషన్ ఆడియో బస్’ అనే కొత్త పసుపు గుర్తు పుట్టుకొస్తుంది. ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందని విసుగు చెందనక్కరలేదు. ఆ కొత్తదాని వివరాల్లో వెన్ 10ఈసీ, డెవ్ 0888 ఉంటే రియల్‌టెక్ ఏఎల్‌సీ 888; 0662 ఉంటే ఏఎల్‌సీ 662. రియల్‌టెక్ హై డెఫినిషన్ ప్యాకేజీల్లో సాధారణంగా ఆ సవరణ కూడా కలిసే ఉంటుంది. ‘సౌండ్ కార్డు కాలిపోయింది’ అని మూలన పడేసిన యంత్రాల్లో ఎన్ని కేవలం ఈ ముడి విప్పక పడి ఉన్నాయో!

పేరు ఒకటి.. వస్తువు మరొకటి

విండోస్ తాత్కాలికంగా పెట్టే పేర్లను పూర్తిగా నమ్మడానికి లేదు. ‘పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్’ అంటే పాత కంప్యూటర్లలో టెలిఫోన్ తీగతో నెట్ వాడిన కాలపు మోడెమ్ కావచ్చు. అదైతే వదిలేసినా నష్టం లేదు. వెన్ 8086తో మొదలైతే ఇంటెల్ నిర్వహణ విభాగం కావచ్చు. ల్యాప్‌టాప్‌లలో ‘బేస్ సిస్టమ్ డివైస్’ అన్నది చాలాసార్లు కెమెరా మెమరీ కార్డు పెట్టే గాడి. కార్డులు వాడనివారికి అదీ అవసరం లేదు. పసుపు గుర్తు కనిపించిన ప్రతిదానికీ వెంటపడాలన్న నియమమేమీ లేదు.

ఏ వివరమూ లేకుండా ‘అన్‌నోన్ డివైస్’ అని మాత్రమే కనిపించేవాటికి ‘వెన్’, ‘డెవ్’ ఉండకపోవచ్చు. వరుస ‘ఏసీపీఐ’ అన్న అక్షరాలతో మొదలైతే అది విడి చిప్ కాదు. బోర్డు కంపెనీ తన సొంత సదుపాయాల కోసం పెట్టుకున్న అంశం. ఏసీపీఐ తర్వాత ‘ఏటీకే 0110’ అని ఉంటే ఆసుస్ బోర్డుదని అర్థం. ఆ కంపెనీ ఇచ్చే చిన్న డ్రైవర్‌తో గుర్తు పోతుంది. లేకున్నా కంప్యూటర్ నడుస్తుంది.

ప్రింటర్, స్కానర్ వంటి యూఎస్‌బీ పరికరాలకు ‘విడ్’, ‘పిడ్’ అని వేరే సంఖ్యలుంటాయి. హెచ్‌పీది 03ఎఫ్0, కేనన్‌ది 04ఏ9, ఎప్సన్‌ది 04బీ8, లాజిటెక్‌ది 046డీ. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. రెండుచోట్లా నాలుగేసి సున్నాలు కనిపిస్తే పరికరం తన పేరు కూడా చెప్పుకోలేని స్థితిలో ఉంది. ఎన్ని డ్రైవర్లు వేసినా ఫలితం ఉండదు. తీగ మార్చి, డబ్బా వెనుకవైపు పోర్టులో పెట్టి చూడాలి. అప్పటికీ సున్నాలే వస్తే పరికరంలోనే లోపముందని అనుమానించాలి.

నిజంగా చెడిపోతే?

బోర్డులు చెడిపోవని కాదు. ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉండే చిన్న స్తంభాల వంటి కెపాసిటర్ల తల ఉబ్బినా, జిగురు కారినా అది నిజమైన జబ్బే. డివైస్ మేనేజర్‌లో ‘కోడ్ 10’ ఉంటే పరికరం మొదలు కాలేకపోయిందని, ‘కోడ్ 43’ ఉంటే పరికరమే తనలో లోపముందని తెలిపిందని అర్థం. తప్పుడు డ్రైవర్ వేసినా ఈ రెండూ రావచ్చు కనుక వీటితోనే తీర్పు ఇవ్వకూడదు.

తేల్చుకునేందుకు మంచి పరీక్ష ఒకటుంది. పప్పీ లినక్స్ వంటి తేలికపాటి వ్యవస్థను సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా నడపాలి. హార్డ్‌డిస్క్‌పై దేన్నీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఈ కాలపు చిప్‌ల డ్రైవర్లు చాలావరకు లినక్స్‌లోనే కలిసి ఉంటాయి. అందులో పాట వినిపించి, విండోస్‌లో వినిపించకపోతే చిప్ బాగానే ఉన్నట్లు. బోర్డు మార్చాలన్నవారికి ఆ పాట వినిపిస్తే సరిపోతుంది. ఫార్మాట్ కొట్టకముందే ఇదే పద్ధతిలో ఫొటోలు, ఫైళ్లను వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు కూడా. ఫార్మాట్‌లో పొరపాటున ‘డి’ డ్రైవ్ కూడా పోయిన ఇళ్లు తక్కువేమీ కాదు.

డ్రైవర్ ఎక్కడ తేవాలి?

సంఖ్య తెలిసింది కదా అని గూగుల్‌లో కొట్టి మొదట కనిపించిన దానిని దించుకోవడం ప్రమాదం. ‘ఒక్క నొక్కుతో అన్ని డ్రైవర్లూ’ అని ఊరించే ప్రోగ్రాములు అవసరం లేనివి కూడా వెంట తెస్తాయి. కొన్ని స్కాన్ చేసి, లేని లోపాలు చూపి, డబ్బు అడుగుతాయి. బోర్డు కంపెనీ లేదా చిప్ కంపెనీ సొంత సైటులో ముందుగా చూడాలి. బోర్డు పేరు సాధారణంగా కార్డులు గుచ్చే గాడుల మధ్య పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. డబ్బా విప్పలేనివారికి సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాము అదే పేరు చూపుతుంది.

పలు కంపెనీలు పాత డ్రైవర్లను తమ సైట్ల నుంచి తొలగించాయి. అలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అక్కరకు వస్తుంది. అందులోని వెతుకులాట గడిలో ‘వెన్’, ‘డెవ్’ సంఖ్యలను తెరపై ఉన్నది ఉన్నట్లుగా అతికిస్తే ఆ చిప్‌కు సంబంధించినవి బయటపడతాయి. 32 బిట్‌దా, 64 బిట్‌దా, ఏ విండోస్‌కు అన్నది చూసి తీసుకోవాలి.

దించిన డ్రైవర్ సరైనదేనా అన్న సందేహానికి నివృత్తి చాలా సులువు. ఆ ఫోల్డర్‌లో ‘ఐఎన్ఎఫ్’ అనే తోకతో ఒక ఫైలు ఉంటుంది. దానిని నోట్‌ప్యాడ్‌తో తెరిచి మన సంఖ్య కోసం వెతకాలి. ఉంటే అది మన పరికరానిదే. లేకుంటే పైన కంపెనీ పేరు ఎంత పెద్దగా ఉన్నా మనది కాదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అందుకే ఇవన్నీ వేరే కంప్యూటర్‌లో దించుకుని, వైరస్ పరీక్ష చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం క్షేమం. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పనిచేసుకునే డీటీపీ కేంద్రాల వారు ఇప్పటికీ ఎక్స్‌పీ యంత్రాలను వదులుకోలేకపోవడానికి కారణాలున్నాయి. అయితే వాటిలో బ్యాంకు లావాదేవీలు మాత్రం చేయకూడదు. ఆ యంత్రానికి నెట్ తీగ అసలు తగిలించకపోతే ఇంకా మంచిది. అప్పుడు నెట్‌వర్క్ చిప్ పక్కన పసుపు గుర్తు అలాగే ఉన్నా పట్టించుకోనక్కరలేదు.

అన్నీ సర్దుకున్న రోజున ఆ డ్రైవర్ల ఫోల్డర్‌ను ‘డి’ డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచుకోవాలి. బోర్డు పేరు, నాలుగైదు సంఖ్యలు ఒక కాగితంపై రాసి సీపీయూ డబ్బా లోపలి తలుపుకు అంటించాలి. ఈసారి బోర్డు పోయిందని ఎవరైనా అంటే, ఏ పరికరానికి ఏ కోడ్ వచ్చిందో చూపించమని ఆ కాగితం దగ్గర పెట్టుకుని అడగవచ్చు.