బందరులో చూసిన పసుపు గీత

మన పెళ్లిళ్లలో పురోహితుడు కొత్త దంపతులను మండపం బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తాడు. సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణి ఆనుకుని ఉండే చిన్న చుక్క అది. బెజవాడ దీపాల వెలుగులో దొరకడం కష్టమే. మంగినపూడి ఒడ్డున, చీకటి రాత్రి అయితే రెండూ విడివిడిగా తెలుస్తాయి. వశిష్ఠుడి ప్రకాశం దాదాపు 2 అనీ, అరుంధతిది దాదాపు 4 అనీ ఖగోళ పుస్తకాలు రాస్తాయి. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు, రెండు మెట్లకు ఆరు రెట్ల పైచిలుకు. ఆరుగురు అరుంధతులు కలిస్తే ఒక వశిష్ఠుడన్నమాట!

ఈ 2.512 లెక్కను 1856లో ప్రతిపాదించినవాడు ఖగోళవేత్త నార్మన్ పోగ్సన్. అంతకుముందు నక్షత్రాల తరగతులు కంటి అంచనాలే. ఒకటో తరగతి చుక్క ఆరో తరగతి చుక్కకంటే సరిగ్గా 100 రెట్లు ప్రకాశవంతం అనుకుందాం, మధ్యలోని అయిదు మెట్లూ సమానంగా ఉండాలి అన్నాడాయన. 2.512ను అయిదుసార్లు హెచ్చవేస్తే వచ్చేది ఆ నూరే.

ఈ రోజుల్లో శాస్త్రవేత్త పరపతిని సైటేషన్లతో తూస్తున్నారు. ఒకరి పేపరును ఇంకెందరు తమ పేపర్లలో ప్రస్తావించారన్నదే కొలత. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ తెచ్చాడు: కనీసం 20 సార్లు చొప్పున ప్రస్తావనకు వచ్చిన పేపర్లు మీవి 20 ఉంటే మీ అంకె 20. ఈ తక్కెడలో పోగ్సన్ తేలిపోతాడు. చుక్క వెలుగును కొలిచే ప్రతివారూ ఆయన మెట్లే ఎక్కుతారు గానీ, 1856 నాటి పేపరును ఎవరు ప్రస్తావిస్తారు? సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీన్ని గుర్తించి చెప్పాడు: ఒక భావన అందరి సొత్తయిపోతే, దాన్ని కన్నవాడి పేరు చెరిగిపోతుంది. నా దృష్టిలో ఇంతకు మించిన గౌరవం లేదు. కానీ పోగ్సన్ పేరు మరుగున పడ్డ ఇంకో సంగతి ఉంది. అది గౌరవం కాదు, నష్టం. జరిగింది మన బందరులో.

1861లో ఆయన మద్రాసు ప్రభుత్వ ఖగోళవేత్తగా వచ్చాడు. ఆ ఏడే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి ‘ఏషియా’ అని పేరు పెట్టాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరులో దిగాడు. పోగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో నిలిచాడు. పోగ్సన్ బందరు వచ్చాడు. 1864 నవంబరు ఉప్పెన ఆ ఊరిని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుని అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు.

చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగిసే జ్వాలల కాంతిని ఖగోళవేత్తలు స్పెక్ట్రోస్కోపులో చూశారు. వాయువు వెలిగితే దాని కాంతి విడివిడి గీతలుగా కనిపిస్తుంది, ఒక్కో మూలకానికి ఒక్కో వరస. మొన్నమొన్నటిదాకా మన వీధుల్లో వెలిగిన పసుపు దీపాలు సోడియానివి. దాని జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. జ్వాలల్లో కనిపించిన పసుపు గీత 587.6 దగ్గరిది. అంత కొద్ది తేడా! గ్రహణపు తొందరలో చాలామంది దాన్ని సోడియమే అనుకున్నారు. పోగ్సన్ మాత్రం ఆ గీత సోడియం స్థానంలోనో, దాని దగ్గరో ఉందని రాశాడు. ‘దగ్గరో’ అన్న ఆ ఒక్క మాటలోనే నిజాయితీ అంతా ఉందనిపిస్తుంది నాకు.

ఆ పసుపు గీత హీలియం అనే కొత్త మూలకానిది. అది గుంటూరులో దొరికిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. నిజానికి జాన్సెన్ సాధించిన గొప్ప పని వేరు: గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూసే పద్ధతి, అదీ మర్నాడే. ఆయన లేఖ, ఇంగ్లండులో అదే పద్ధతిని విడిగా కనుక్కున్న లాకియర్ లేఖ ప్యారిస్ అకాడమీకి ఒకే రోజున చేరాయి. ఇద్దరి బొమ్మలతో పతకం వచ్చింది. పోగ్సన్ రాసింది మద్రాసులో ప్రభుత్వ నివేదికగా అచ్చయింది. ఇంగ్లండు ఖగోళ పెద్దలతో ఆయనకు పొసగలేదు. యూరపు పత్రికలకెక్కని మాటను ఉదాహరించేదెవరు? బిమన్ నాథ్ 2012లో హీలియం చరిత్రపై పుస్తకం రాస్తూ బందరు సంగతి మళ్లీ పైకి తెచ్చాడు.

ఆ గీత కొత్త మూలకానిదేనని లాకియర్ పట్టుబట్టినా చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియాన్ని పట్టి చూపించాడు. అప్పటికి పోగ్సన్ మద్రాసులో కన్నుమూసి నాలుగేళ్లు.